బాబు స్కూల్ దగ్గర తెలుగు మాట్లాడొద్దంటున్నాడు. ఇంట్లో కూడా మానేయమంటారా?

ప్రశ్న: మేడమ్, మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. బాబు ఎయిత్ గ్రేడ్. వచ్చే ఏడాదికి లాంగ్వేజ్ ఎంచుకోవాలి. వాడు స్పానిష్ అంటున్నాడు. కెరీర్‌కి మాండరిన్ చైనీస్ మంచిదని నేను అనుకుంటున్నాను. మావారేమో లాంగ్వేజ్ బదులు కోడింగ్ తీసుకోమంటున్నారు. మూడింటినీ పోల్చి చెప్పండి. ఇంకో విషయం. మొన్న గ్రోసరీ స్టోర్‌లో మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల ఒకాయన "ఇది అమెరికా, ఇంగ్లిష్‌లో మాట్లాడు" అన్నాడు. అప్పటినుంచి బాబు స్కూల్ దగ్గర తెలుగు వద్దంటున్నాడు. ఇంట్లో కూడా ఇంగ్లిష్‌కి మారిపోతే వాడి భవిష్యత్తుకి మంచిదా? పాప ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరుతోంది, ఫారంలో ఇంటి భాష ఇంగ్లిష్ అని రాసేద్దామనుకుంటున్నాం.

జవాబు: పోలిక అడిగారు గానీ అమ్మా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ స్టోర్‌లో విన్న మాట. ముందు దాని సంగతి చూద్దాం.

2025 మార్చి 1న ట్రంప్ ఇంగ్లిష్‌ని అధికార భాషగా ప్రకటించాక చాలామందిలో ఈ భయం పెరిగింది. ఆ ఉత్తర్వు ప్రభుత్వ ఆఫీసులకి సంబంధించినది. ఇంగ్లిష్ సరిగా రానివాళ్ళకి సేవలు ఎలా అందించాలో చెబుతూ 2000లో క్లింటన్ ఇచ్చిన పాత ఉత్తర్వును అది రద్దు చేసింది. కూరగాయలు ఏరుకుంటూ మీ అమ్మతో ఏ భాషలో మాట్లాడాలో అందులో లేదు. 2019 సెన్సస్ లెక్కల్లో ఇంట్లో ఇంగ్లిష్ కాక వేరే భాష మాట్లాడేవాళ్ళు 6 కోట్ల 78 లక్షల మంది, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. మీ వెనక నిలబడ్డాయన ముత్తాత ఏ భాష మాట్లాడాడో ఎవరికి తెలుసు.

అలాగని ఆ మనిషి లాంటివాళ్ళు లేరని చెప్పి మిమ్మల్ని జోకొట్టను. ఉన్నారు. ఈ దేశంలో నేను గమనించింది ఒకటుంది. స్కూల్లో నేర్చుకున్న రెండో భాష టాలెంట్, ఇంట్లోంచి తెచ్చుకున్న రెండో భాష అనుమానం. పక్కింటి అమ్మాయి రెస్టారెంట్‌లో నాలుగు ముక్కలు చైనీస్ మాట్లాడితే అందరూ మెచ్చుకుంటారు. మీవాడు తెలుగులో "అమ్మా, పెరుగు తీసుకున్నావా?" అంటే తలలు తిరుగుతాయి. పదమూడేళ్ళ పిల్లాడికి ఈ తేడా అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

ఆయన అలా అన్నాక మీరేం చేశారో ఉత్తరంలో రాయలేదు. ఊహించగలను. "తర్వాత చేస్తానమ్మా" అని ఫోన్ పెట్టేసి ఉంటారు, ఒక "సారీ" కూడా అయి ఉంటుంది. కొన్నేళ్ళ కిందట ఒక డాక్టర్ వెయిటింగ్ రూంలో నేనూ అదే చేశాను, అందుకే చెప్పగలుగుతున్నాను. ఆయన మొహం బాబు ఈపాటికి మర్చిపోయి ఉంటాడు. మీ గొంతు తగ్గడం మర్చిపోడు. స్కూల్ కార్ లైన్‌లో మీరు "నాన్నా, లంచ్ బాక్స్!" అనగానే వాడు గబగబా అద్దం పైకెత్తుతున్నాడంటే అది ఎక్కడ నేర్చుకున్నాడో ఒక్కసారి ఆలోచించండి.

సమ్మర్‌లో పీచ్ పళ్ళకని ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్ళారా? అక్కడ జర్మన్ బోర్డులు కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్ళలో, చర్చిల్లో అంతా జర్మనే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ అంటే శత్రువు భాష అయింది. 1918లో టెక్సాస్ స్కూళ్ళలో ఇంగ్లిష్‌లోనే బోధించాలని చట్టం చేశారు. నెబ్రాస్కాలో ఒక పిల్లాడికి జర్మన్‌లో చదవడం నేర్పినందుకు టీచర్‌కి జరిమానా వేశారు, 1923లో సుప్రీంకోర్టు ఆ శిక్ష చెల్లదంది. కోర్టు భాషని కాపాడింది గానీ భయపడ్డ తల్లిదండ్రులు అప్పటికే ఇళ్ళలో గొంతు తగ్గించేశారు. ఇప్పుడు టెక్సాస్ జర్మన్ మాట్లాడేది కొద్దిమంది ముసలివాళ్ళే. 2001 నుంచి ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ (యూటీ) వాళ్ళు ఆ ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసి దాస్తున్నారు. మనవలకి సాసేజ్‌లూ బోర్డులూ మిగిలాయి.

సరే, కోర్సుల సంగతి. మీవారి కోడింగ్ ఆలోచనకి నియమాల అండ ఉంది. టెక్సాస్‌లో హైస్కూల్ పూర్తి చేయడానికి లాంగ్వేజ్‌లో తెచ్చుకోవాల్సిన రెండు క్రెడిట్లకి బదులు ప్రోగ్రామింగ్ కోర్సులు పెట్టుకోవచ్చు. ఈ మధ్య మనవాళ్ళలో ఇదో ఫ్యాషన్ అయింది, నాకైతే నచ్చలేదు. ఆస్టిన్ యూటీలో చేరాలంటే హైస్కూల్లో ఒకే విదేశీ భాష రెండేళ్ళు చదివి ఉండాలి, లేకపోతే ఆ లోటు కాలేజీలో తీర్చుకోవాలి. కాలిఫోర్నియా యూనివర్సిటీలు భాష స్థానంలో కోడింగ్‌ని లెక్కే పెట్టవు. తల్లిదండ్రులిద్దరూ ఐటీలో ఉన్న ఇంట్లో, థర్డ్ గ్రేడ్ నుంచి కోడింగ్ క్యాంపులకి వెళ్ళిన పిల్లాడు పైథాన్ రాకుండా మిగిలిపోతాడా? అది ఎలక్టివ్‌గా తీసుకోవచ్చు, సమ్మర్‌లో నేర్చుకోవచ్చు, ముప్పై ఏళ్ళకి కూడా నేర్చుకోవచ్చు. కొత్త భాషలో మాట్లాడి, తప్పులు చేసి, నలుగురిలో నవ్వులపాలై, మళ్ళీ నోరు తెరవడం పద్నాలుగేళ్ళకే అలవాటైతే బాగుంటుంది. ఇంటర్వ్యూల్లో నోరు పెగలక కూర్చునే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ళకి కోడింగ్ బాగానే వచ్చు.

మాండరిన్ గొప్ప భాషే. కానీ ఇంగ్లిష్ మాట్లాడే తమ దౌత్యాధికారులకి స్పానిష్ నేర్పడానికి అమెరికా విదేశాంగ శాఖ వేసుకున్న లెక్క దాదాపు 30 వారాలు, మాండరిన్‌కి 88. అదీ రోజంతా క్లాసులతో. ఇష్టం లేని పిల్లాడిని రోజుకో పీరియడ్ కూర్చోబెట్టి కెరీర్ అనడం మీ ముచ్చట తీర్చుకోవడమే. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) చైనీస్‌లో ఇంట్లో ఆ భాష మాట్లాడే పిల్లలతో పోటీ పడాలి, అదొకటి. స్పానిష్ వాడంతట వాడు అడిగాడు, టెక్సాస్ జనాభాలో దాదాపు 40 శాతం హిస్పానిక్. తీసుకోనివ్వండి, నాలుగేళ్ళూ చదవనివ్వండి.

అదే విదేశాంగ శాఖ తెలుగుకి 44 వారాలు కేటాయించింది. జీతమిచ్చి ఆఫీసర్లకి నేర్పే భాష మీవాడికి దోసెల పెనం పక్కన ఊరికే వస్తోంది. అయితే తెలుగుతో ఉద్యోగం వచ్చేస్తుందని ఆశ పెట్టను. ఏపీ పరీక్షల్లో తెలుగు లేదు. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు ఇక్కడ పిల్లలకి తెలుగు నేర్పే మనబడి చదువుకి క్రెడిట్లు ఇస్తాయి. రెండు భాషలు చదవడం రాయడం వచ్చని సీల్ ఆఫ్ బైలిటరసీ అనే గుర్తింపు కూడా డిప్లొమా మీద వేస్తారు. మీ దగ్గర ఏది కుదురుతుందో స్కూల్ కౌన్సెలర్‌ని అడగండి.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు చెప్పింది వినండి. నరసరావుపేట నుంచి వచ్చిన వాళ్ళ నానమ్మని ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఆవిడ "కళ్ళు తిరుగుతున్నాయి" అంది. వీడు డాక్టర్‌కి "ఆవిడ కళ్ళు గుండ్రంగా తిరుగుతున్నాయట" అని ఇంగ్లిష్‌లో చెప్పాడు. డాక్టర్ టార్చ్ తీసి కళ్ళు చూశాడు. తర్వాత ఇంటర్‌ప్రెటర్ వీడియోలోకి వస్తే అసలు సంగతి బయటపడింది. ఆ కుర్రాడిప్పుడు ప్రీ-మెడ్, తెలుగు ట్యూషన్ పెట్టించుకున్నాడు.

ఇక పాప ఫారం. అక్కడ ఇంగ్లిష్ అని రాయడం అబద్ధం. కిండర్‌గార్టెన్‌కి ముందు ఉండే ఉచిత ప్రీ-కే సీటు కోసమైతే "మా పాపకి ఇంగ్లిష్ రాదండీ" అనేదీ మనవాళ్ళే, కిండర్‌గార్టెన్‌కి రాగానే తెలుగుని దాచేదీ మనవాళ్ళే. ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది తెలుగైతే తెలుగనే రాయండి. చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ బాగా వచ్చుంటే అక్కడితో సరి. లేదంటే ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్ల) అని రాసుకుని అదనపు సాయం ఇస్తారు, ఏడాదికోసారి పరీక్ష పెట్టి, వచ్చేశాక తీసేస్తారు. పాప పక్కన కూర్చుని చూస్తుండగా రాయండి, అక్షరాలు కూడబలుక్కుని చదివే వయసే కదా.