గోల్డెన్ క్రాస్ చూసి కొన్నాక షేరు ఎందుకు పడుతోంది?

50 రోజుల యావరేజ్ గీత 200 రోజులదాన్ని పైకి దాటగానే, అంటే గోల్డెన్ క్రాస్ రాగానే కొంటున్నానని, వారం పది రోజులకే షేరు దిగిపోతోందని అడిగారు. ఆ సిగ్నల్ స్వభావమే అంతండి. సింపుల్ మూవింగ్ యావరేజ్ (చివరి ఇన్ని రోజుల ముగింపు ధరల మామూలు సగటు) తన పొడవులో దాదాపు సగం వెనకబడి ఉంటుంది: 50ది సుమారు 25 సెషన్లు (ట్రేడింగ్ రోజులు), 200ది సుమారు 100. రెండూ కలిసేసరికి షేరు చాలావరకు పెరిగిపోయి ఉంటుంది. ముందే కొన్నవాళ్లు లాభాలు తీసుకునే సమయానికి మీరు కొంటున్నారు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. యావరేజ్‌ని ఇవాళ్టి ధర ఎంత కదుపుతుందో, లెక్కలోంచి జారిపోయే పాత ధరా అంతే కదుపుతుంది. 20 రోజుల యావరేజ్ తీసుకోండి. షేరు నిన్న 515, ఇవాళ 521. జారిపోతున్న ధర 541. (521 − 541) ÷ 20, అంటే షేరు పెరిగినా యావరేజ్ ఒక రూపాయి తగ్గింది. దీనికి తిరగబడ్డ పరిస్థితీ వస్తుంది. 2020 మార్చి 23న నిఫ్టీ 7610 దగ్గర ముగిసింది. ఆ రోజు 50 సెషన్ల లెక్కలోంచి జూన్ రెండో వారంలో బయటపడింది. అలాంటి పతనం రోజులు వరసగా జారిపోతుంటే ధర ఒకేచోట నిలబడి ఉన్నా 50 గీత పైకి లేస్తుంది. కాబట్టి క్రాస్ కనపడగానే చార్టు వెనక్కి జరిపి, 50 సెషన్ల కిందట ధర ఎక్కడుందో చూడండి.

ఈఎంఏలో (ఎక్స్‌పొనెన్షియల్ మూవింగ్ యావరేజ్, కొత్త ధరలకి ఎక్కువ బరువిచ్చే సగటు) ఈ బెడద ఉండదు. నిన్నటి 20 ఈఎంఏ 500, ఇవాళ్టి ముగింపు 521 అయితే, తేడా 21లో 2/21 వంతు కలిసి 502 అవుతుంది. పాత ధర ఒక్కసారిగా ఊడిపోదు. కాకపోతే సైడ్‌వేస్‌లో (ధర ఒక పరిధిలోనే అటూఇటూ తిరుగుతున్నప్పుడు) తప్పుడు క్రాస్‌లు ఎక్కువ ఇస్తుంది. డెలివరీలో (షేర్లు డీమ్యాట్‌లోకి తీసుకునే పద్ధతి) కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను) ప్రతిసారీ పోతుందని గుర్తుంచుకోండి.

నా మటుకు నేను యావరేజ్‌లని వడపోతకే వాడతాను. ధర 200 రోజుల యావరేజ్ పైన ఉండాలి, 200 గీత కూడా నెల కిందటి కన్నా పైన ఉండాలి. గీత బల్లపరుపుగా ఉంటే ఆ షేరు వదిలేయడమే మంచిది. తర్వాత ధర 20 ఈఎంఏ దగ్గరికో 50 దగ్గరికో తక్కువ వాల్యూమ్‌తో (చేతులు మారిన షేర్ల సంఖ్య) దిగాలి. మళ్లీ ముందురోజు గరిష్ఠం పైన ముగిసినప్పుడు కొనాలి. స్టాప్‌లాస్ (నష్టాన్ని ఆపడానికి అమ్మేసే ధర) ఆ దిగుడులోని కనిష్ఠ ధర కింద పెట్టండి. గీతని ఆనుకుని పెడితే రోజువారీ ఊగిసలాటకే తగిలి బయటికొచ్చేస్తారు. 2 లక్షల పెట్టుబడి మీద ఒక ట్రేడ్‌కి 1 శాతం, అంటే 2000 రూపాయల నష్టం వరకు ఓర్చుకుంటారనుకుందాం. 520కి కొని 495 దగ్గర స్టాప్ పెడితే షేరుకి రిస్క్ 25. అప్పుడు 80 షేర్లే, అంతకు మించొద్దు.

ఎక్సెల్‌లో సొంతంగా లెక్క కట్టేవాళ్లు బోనస్ (ఉచిత షేర్లు), స్ప్లిట్ (ఒక షేరుని కొన్నిగా విడగొట్టడం) సర్దుబాటు తప్పక చేయాలి. రిలయన్స్ 1:1 బోనస్‌కి (ఉన్న ప్రతి షేరుకి ఇంకోటి) ఎక్స్ డేట్, అంటే బోనస్ హక్కు లేకుండా షేరు ట్రేడయ్యే మొదటి రోజు, 2024 అక్టోబర్ 28. భావ్‌కాపీ (ఎక్స్ఛేంజ్ రోజూ ఇచ్చే ధరల ఫైలు) ధరలు ఉన్నవున్నట్టు వాడితే షేరు ఒక్కరోజులో సగమైనట్టు కనిపిస్తుంది, ఆ తర్వాత దాదాపు 200 సెషన్లు 200 యావరేజ్ తప్పే చూపిస్తుంది. ఎక్స్ డేట్‌కి ముందు ధరలన్నిటినీ 2తో భాగించి, వాల్యూమ్‌ని 2తో గుణించండి.