డిలీట్ చేసిన మెసేజీ జాగా అలాగే ఉంచండి

కొత్త కమిటీకి అప్పగించడానికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చాట్ అంతా ఎక్స్‌పోర్ట్ చేస్తున్నాం, డిలీట్ అయినట్టు చూపించే లైన్లు తీసేసి శుభ్రం చేయొచ్చా అని కదా అడిగారు. వద్దండీ. ఎవరు, ఎన్ని గంటలకు పెట్టిన మెసేజీ పోయిందో చూపించే ఆ లైన్ అలాగే ఉండనివ్వండి.

మా దగ్గర ఒక వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకర్ల డబ్బు దగ్గర రగడ మొదలైంది. అద్దెకున్నవాళ్లే నీళ్లు పారబోస్తున్నారు, వాళ్ల దగ్గరే వసూలు చేయండని పైఅంతస్తు పెద్దాయన రాత్రిపూట పెట్టారు. అద్దెకుండే ఒకావిడ, "అంకుల్, రోజూ పైపు పెట్టి కారు కడిగించేది మేమా?" అని అడిగింది. పొద్దున చూస్తే ఆయన మెసేజీ లేదు. తర్వాత సెక్రటరీగారు ఇలాగే శుభ్రం చేసి, ప్రింట్లు తీయించి, జనరల్ బాడీలో పంచారు. ఫోన్లో అవతలివాళ్ల మాట వినపడకుండా ఇవతలివాళ్ల అరుపులే విన్నట్టుంది ఆ కాగితం. "పెద్దాయనని పట్టుకుని అలా అనొచ్చా అమ్మా?" అని తలా ఒక మాట. పాపం ఆవిడ ఫోన్ తీసి చూపించింది. ఆయన మెసేజీకే రిప్లై కొట్టింది కాబట్టి, అసలుది పోయినా పైన చిన్న పెట్టెలో ఆయన మాటలు ఇంకా ఉన్నాయి. ఎక్స్‌పోర్ట్ ఫైల్లో ఆ పెట్టె రాదు. "నేను వేరే ఉద్దేశంతో అన్నాను" అంటూ ఆయన కాఫీ కప్పు పట్టుకుని లేచారు.

2017లో అందరి ఫోన్లలోంచీ మెసేజీ తీసేసే ఈ సదుపాయం వాట్సాప్‌లో వచ్చినప్పుడు ఏడు నిమిషాల్లోపే తీసేయాలి. 2022 నుంచి రెండు రోజులు దాటినా కుదురుతోంది. గొడవ పుట్టి, ముదిరి, పంచాయతీ అయిపోయేంత టైము ఇచ్చారు మహానుభావులు. ఇంత వెసులుబాటు ఇచ్చినా ఆ గులాబీ పూల గుడ్ మార్నింగులు మాత్రం ఒక్కరూ తీసేయరు, అదేం ఖర్మో!

అలాగని ఎవరి దగ్గరో స్క్రీన్‌షాట్ ఉంది కదా అని తీసేసిన మాటల్ని తిరిగి అతికించకండి. రాసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు, వదిలేయండి. వికీపీడియాలో కూడా ఒక మార్పును దాచేస్తే రాత కనపడదు గానీ, ఆ పేజీ మార్పుల చరిత్రలో దాని లైను కొట్టివేతతో ఉంటుంది. అడ్మిన్ తీసేసినవైతే అడ్మిన్ పేరు కూడా ఉండాల్సిందే. మా దగ్గర సగం పంచాయతీలు అక్కడే.

ఇంకోటి. తన ఒక్కరి ఫోన్లోంచే తీసేసుకుంటే ఆ ఫోన్లో ఆనవాలు కూడా మిగలదు. అందుకని సెక్రటరీ ఫోన్ ఒక్కటే నమ్ముకోకుండా, ఆయనతో పడని ఇంకొకరి ఫోన్లోంచి కూడా ఎక్స్‌పోర్ట్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరైనా ఆధార్ కాపీ, బ్యాంకు వివరాలు పొరపాటున పెట్టి ఉంటే మాత్రం వాటిని పూర్తిగా తీసేయండి. ఫొటోలు విడి ఫైళ్లుగా వస్తాయి, అందరూ వాటి సంగతి మర్చిపోతారు.