నిద్రపోతున్న పాపని లేపి స్ట్రోలర్ మడవాలా?

బస్సులో వీల్‌చెయిర్ చోటులో స్ట్రోలర్ పెట్టుకున్నాను, వీల్‌చెయిర్ ఆయన ఎక్కితే పాప నిద్రలో ఉన్నా తీయమన్నారు, ముందు ఎక్కింది నేనే కదా అని అడిగారు. తీయాలండీ. స్ట్రోలర్ మడిస్తే పాప మీ ఒళ్ళోకి వస్తుంది. ఆయన కుర్చీ మడిస్తే ఆయన్ని ఎవరు ఎత్తుకుంటారు?

నేను రెండు పక్కలా పడ్డదాన్నే. ఒకప్పుడు మా అమ్మాయి స్ట్రోలర్ తోసుకుంటూ తిరిగాను, ఇప్పుడు నాన్నని వీల్‌చెయిర్‌లో ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను. చెన్నైలో 2024 ఆగస్టులో కొత్త లో ఫ్లోర్ బస్సులు రోడ్డెక్కేదాకా మాకు ఆటోనే గతి. ఇప్పుడు బస్సు పక్కకి కాస్త వంగుతుంది, కండక్టర్ మధ్య తలుపు దగ్గర ర్యాంప్ వేస్తాడు. (స్టాపులో ఆటోలు అడ్డంగా ఉంటే బస్సు రోడ్డు మీదే ఆగుతుంది, ర్యాంప్ నిటారుగా పడుతుంది, నాకు ఊపిరి ఆగినంత పని.)

ఒకసారి మీలాంటి అమ్మాయే ఆ చోటులో ఉంది. "ఇప్పుడే పడుకుందక్కా" అంది. బస్సంతా మమ్మల్నే చూస్తోంది. పాపని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మడవబోయింది. స్ట్రోలర్ కింది బుట్ట నిండా కూరగాయలు, మునక్కాయల కట్ట జారి నాన్న పాదాల మీద పడింది. పాపని నేను అందుకున్నాను, స్ట్రోలర్ ఒక పెద్దావిడ మడిచింది. పాప లేచి తిరువాన్మియూర్ దాకా ఏడ్చింది. నాన్న ముఖం ఎత్తలేదు. చోటు ఆయనదే, అయినా దొంగతనం చేసినట్టు కూర్చున్నాడు.

ఇంగ్లండ్‌లో ఇదే గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. 2012లో డగ్ పాలీ అనే ఆయన లీడ్స్ బస్సు ఎక్కబోతే, వీల్‌చెయిర్ చోటులో బిడ్డ నిద్రపోతున్న స్ట్రోలర్. అది మడతపడదంది తల్లి. ఆయన తరవాతి బస్సుకి ఆగాడు, రైలు తప్పిపోయింది. డ్రైవర్ ఒక్క మాట అడిగి ఊరుకుంటే చాలదు, కారణం లేకుండా కదలనంటే కాసేపు బస్సు ఆపైనా ఒత్తిడి తేవడం గురించి ఆలోచించాలని 2017లో కోర్టు చెప్పింది. తల్లిని దింపేయమని మాత్రం అనలేదు. నాకది సబబే అనిపిస్తుంది.

మీకు చెప్పేది ఒకటే, ఎక్కేముందే బుట్ట ఖాళీ చేసి సంచి భుజానికేసుకోండి. మడవాల్సి వస్తే సిగ్గుపడకుండా పాపని పక్కావిడ చేతికివ్వండి, మన బస్సుల్లో కాదనేవాళ్ళు తక్కువ. ఇక ఉదయం ఎనిమిదిన్నర రద్దీలో అయితే నాన్నతో నేనూ ఎక్కను, పదింటి బస్సుకి వెళ్తాం.