గాలం కబుర్లు: ముసురు పట్టింది, ఏరు పెరుగుతోంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: వాన, చలి, బురద నీరు, ఖాళీ సంచి. అందుకని మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇచ్చాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: దసరా దాకా చేప బాగానే పడింది. ఇప్పుడు వాయుగుండం పట్టి నాలుగు రోజులుగా ముసురు. గోదావరి రోజుకు జానెడు చొప్పున పెరుగుతోంది. నీరు బురద బురదగా ఉంది, పొద్దున్నే చలి. మొన్న ఆదివారం ఆరు గంటలు కూర్చున్నా నీటి మీద తేలే బెండు కదల్లేదు. సీజన్ అయిపోయినట్టేనా? గాలాలు అటక ఎక్కించెయ్యమంటారా?
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: అప్పుడే ఎక్కించకండి. మీరు ఎక్కడ కూర్చున్నారో రాయలేదు గానీ నేను చెప్పగలను. దసరాకు ముందు ఎక్కడ చేప పడిందో అక్కడే కూర్చుని, చేతిలో ఉన్న బలమంతా పెట్టి ఏటి నడిమికి విసిరి ఉంటారు. నేను కూడా పదేళ్లు అదే పని చేశాను.

నేను పోస్ట్‌మ్యాన్‌గా ఉన్న రోజుల్లో వారానికి మూడుసార్లు పడవ మీద లంకలోకి ఉత్తరాలు పట్టుకెళ్లేవాణ్ణి. ఆ పడవ నడిపే తాత ఒకసారి ఇలాంటి ముసురులోనే నా విసుర్లు చూసి నవ్వాడు. "పోస్టుగారూ, నీళ్లు పెరిగితే చేప ఊళ్లోకి వస్తది. మీరేంటి, అది ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడతన్నారు" అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఆ రోషంతోనే మర్నాడు గట్టు వారగా, మూడు బారల దూరంలో, మునిగిన గడ్డి పక్కన ఎర వదిలాను. పడింది.

సంగతి ఇదీ. ఏరు పెరిగేటప్పుడు నడిమి నీరు పరుగు తీస్తుంది. ఆ పరుగుకు ఎదురుగా నిలబడాలంటే చేపకు బోలెడు ఓపిక ఖర్చు. పైగా నీరు చల్లబడేకొద్దీ దాని అరుగుదల మందగిస్తుంది, తిండి మీద ధ్యాస తగ్గుతుంది. అందుకని నీరు నిదానంగా ఉన్న చోటు వెతుక్కుంటూ వారకు వచ్చేస్తుంది. వారన కొత్తగా మునిగిన గడ్డిలోంచి వానపాములు, పురుగులు, చీమలు వాటంతట అవే నోటి దగ్గరకు కొట్టుకొస్తాయి. ఇక అది నడిమికి ఎందుకు వెళ్తుంది?

కాబట్టి ముందు చోటు మార్చండి. గ్రోయిన్ (కోత ఆపడానికి గట్టు నుంచి ఏట్లోకి కట్టిన రాతి కట్ట) వెనక పక్క, రేవు మెట్ల దిగువ వైపు, సగం మునిగిన తుమ్మ చెట్టు చాటు, మురుగు కాలువ ఏట్లో కలిసే మూల: ఈ నాలుగూ చూడండి. చోటు దొరికాక గాలం వెయ్యకముందే ఒక గుర్రపుడెక్క ఆకు తుంపి నీళ్లలో పడెయ్యండి. అది నిదానంగా వెనక్కి, అంటే ఎగువకు నడిస్తే ఆ చోటు మీదే. సర్రున దిగువకు పోతే అక్కడ వద్దు. గిర్రున తిరిగి మునిగిందా, అది సుడి, అసలు ఆ దరిదాపుల్లో నిలబడొద్దు.

రెండోది, బెండు తీసేయండి. బురద నీటిలో, చెత్త కొట్టుకొచ్చే నీటిలో బెండు చెప్పేవన్నీ అబద్ధాలే. కాస్త బరువైన సీసం కట్టి ఎరను అడుగున ఆనించండి. కర్ర మొన పైకెత్తి పెడితే దారం నీళ్లలో తక్కువ మునుగుతుంది, గుర్రపుడెక్క తక్కువ చుట్టుకుంటుంది. దారాన్ని చూపుడు వేలి మీద వేసుకుని కూర్చోండి. చెత్త తగిలితే దారం బరువెక్కి అలాగే ఉంటుంది. జెల్ల ముట్టుకుంటే టక్ టక్‌మని రెండు దెబ్బలు, ఆగి మళ్లీ ఒకటి. ఈ తేడా వేలికి రెండు రోజుల్లో తెలిసిపోతుంది. చలికి వేళ్లు మొద్దుబారితే మాత్రం తెలియదు. నేను చొక్కా జేబులో చెయ్యి పెట్టుకుని మార్చి మార్చి పట్టుకుంటాను.

మూడోది ఎర. ఎర్రనీటిలో కంటికేమీ ఆనదు. పైనీటిలో సన్నటి నాచునీ పురుగునీ జల్లెడ పట్టుకు తినే బొచ్చెను ఈ పది రోజులూ మర్చిపోండి. జెల్లకు మీసాలున్నాయి, వాలుగకు మీసాలున్నాయి, వాటికి వాసనే చూపు. నాలుగైదు ఎర్రలు, అంటే వానపాములు, గుత్తిగా గుచ్చండి, తెగిన చోటు నుంచి వాసన దిగాలి. రొయ్య తలకాయలు, కోడి పేగులు కూడా సరే. తవుడు, వేరుశనగ చెక్క, బెల్లం కలిపిన ముద్ద ఎర్రమోసుకూ శీలావతికీ పని చేస్తుంది, కానీ నీట్లో గుప్పెడు సున్నిపిండిలా కరిగిపోకుండా బిగించి పిసకాలి. వేసవిలో పెట్టే లావు ముద్దలు వద్దు. చలి నీటిలో గోలీ అంత చాలు.

ఇక ఎప్పుడు వెళ్లాలి? దీని దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. నీరు గంట గంటకూ ఎక్కుతున్న మొదటి రోజు వెళ్లి ప్రయోజనం లేదు. కొత్తనీరు ఆకులూ కొమ్మలూ తెస్తుంది, చేప బెదిరి ఉంటుంది. పెరుగుదల మందగించి నీరు ఒకే మట్టం మీద ఆగిందా, లేక బెత్తెడు తీసిందా, అప్పుడు పరుగెత్తండి. మొంథా తుపాను 2025 అక్టోబర్ 28 రాత్రి తీరం దాటింది కదా. ఆ మర్నాడూ, ఆ పై రోజూ నేను గట్టు మీద గొడుగు పట్టుకుని నీళ్లు చూసి వచ్చాను, అంతే. నాలుగో రోజున పదకొండు గంటలకు మబ్బు కాస్త విచ్చి పలచటి ఎండ వచ్చింది. అరగంటలో మూడు జెల్లలు. తెల్లవారుజామునే వెళ్లాలన్న పట్టింపు ఈ కాలంలో వదిలెయ్యండి. పదకొండు నుంచి మూడు దాకా మంచి సమయం, నా అనుభవంలో.

ఆ మూడు జెల్లలూ నాకు దక్కలేదనుకోండి. కార్తీక మాసం. మా ఇంట్లో నెలంతా నీచు గడప దాటి లోపలికి రాదు. పక్క వీధి చాకలి ఆయనకు ఇచ్చేసి, పెరట్లో స్నానం చేసి లోపలికి వెళ్లాను. ఏటిగట్టు ఈ నెలలో ఖాళీగా ఉండటానికి చలి ఒక్కటే కారణం కాదు.

ప్రశ్న: మా ఆయనకు యాభై రెండేళ్లు. ఎంత వానైనా గాలం పట్టుకుని ఏటికి వెళ్తారు. "మన దగ్గర వాన తగ్గింది కదా, ఏం కాదు" అంటారు. ఆయన తిరిగొచ్చే దాకా నాకు టెన్షన్. మీ కాలమ్ ఆయన ప్రతి నెలా చదువుతారు. మీరైనా చెప్పండి.
— ఒక గృహిణి, ఆలమూరు మండలం

జవాబు: అమ్మా, ఇది ఆయనకే రాస్తున్నాను, ఆయన చేతికే ఇవ్వండి.

అయ్యా, మన దగ్గర వాన తగ్గడానికీ మన దగ్గర గోదావరి తగ్గడానికీ సంబంధం లేదు. నీళ్లు వచ్చేది ఇంద్రావతి నుంచి, శబరి నుంచి. కూనవరం దగ్గర శబరి కలిసిన నీరు పాపికొండలు దాటి మన దాకా రావాలి. భద్రాచలంలో పెరిగిన మట్టం ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అంటే ఇక్కడ మీకు ఎండ కాస్తున్నప్పుడే నిన్నటి ఎగువ వాన మీ కాళ్ల కిందకు వస్తుంది. బ్యారేజీకి 175 గేట్లున్నాయి. ఎత్తేవాళ్లకు మీరు గ్రోయిన్ చివర కూర్చున్న సంగతి తెలియదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు, అప్పటికి దిగువకు వదిలే నీరు దాదాపు 10 లక్షల క్యూసెక్కులు. 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక టీవీలో చూశాక గాలం ముట్టుకునేవాడు నాకు ఉత్తరం రాయక్కర్లేదు.

నేనేమీ పుట్టు తెలివిగలవాణ్ణి కాదు. పన్నెండేళ్ల కిందట నవంబర్లో ఒక గ్రోయిన్ కింది రాయి మీద స్టీలు క్యారేజీ, చెప్పులు, గొడుగు పెట్టుకుని కూర్చున్నాను. వాన లేదు. చేప ముట్టుకుంటోంది, నా కళ్లు దారం మీదే. వెనక్కి తిరిగేసరికి క్యారేజీ నీళ్లలో తేలుతూ, మూత మీద మూత టకటకలాడుతూ వెళ్తోంది. నేను దాటొచ్చిన రెండు రాళ్లు కనిపించడం లేదు. మోకాలి లోతు నీళ్లలో, రాయి రాయీ కాలితో తడుముకుంటూ బయటపడ్డాను. ఆ క్యారేజీ మా ఆవిడ పుట్టింటిది. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే ఆ కథ వస్తుంది.

ఆ రోజు నుంచి నా అలవాటు ఒకటుంది. వెళ్లగానే నీటి అంచున ఒక వెదురు పుల్ల గుచ్చి, నీరు ఆనిన చోటికి కాస్త పైన ఎర్ర గుడ్డ పీలిక కడతాను. పావుగంటకోసారి దాన్ని చూడకుండా ఎర మార్చను. పీలిక తడిస్తే ఒక అడుగు వెనక్కి. బెత్తెడు మునిగితే సామాను సర్దడమే, చేప కొడుతున్నా సరే.

ఇంకో మూడు సంగతులు. ఒండ్రు గట్టు పైకి గట్టిగానే కనిపిస్తుంది, అడుగున నీరు కోసేసి డొల్లగా ఉంటుంది. అంచు నుంచి రెండు బారలు వెనక్కి జరిగి కూర్చోండి. మోకాళ్ల దాకా ఉండే గమ్ బూట్లు వేసుకుని నీళ్లలో దిగకండి, అవి నిండితే కాలు లేవదు. ఉరుము వినిపిస్తే కర్ర కింద పెట్టి గట్టు దిగి ఏదైనా ఇంట్లోకి వెళ్లండి. ఈ మధ్య అందరూ కొంటున్న కార్బన్ కర్రలు కరెంటును పట్టుకుంటాయి. కొబ్బరి చెట్టు కిందకు మాత్రం వెళ్లొద్దు. ఒంటరిగా కూడా వెళ్లొద్దు. ఎవరూ దొరక్కపోతే మీ ఆవిడను తీసుకెళ్లండి, ఆవిడ టెన్షనూ తగ్గుతుంది, పుల్ల మీద కూడా ఒక కన్నుంటుంది.

ప్రశ్న: కార్తీకంలో కూడా మా మార్కెట్లో పులస అని అమ్ముతున్నారు. నిజం పులసేనా? గాలానికి పులస పడుతుందా?
— రాజమహేంద్రవరం నుంచి ఒకరు

జవాబు: పులస సముద్రంలో ఉన్నప్పుడు విలస. జూలైలో ఎర్రనీరు సముద్రంలో కలవగానే గుడ్లు పెట్టడానికి ఆ నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది, సెప్టెంబర్ దాటితే వెళ్లిపోతుంది. కార్తీకంలో ఒకటీ అరా వలకు చిక్కొచ్చు గానీ, బుట్ట నిండా ఉన్నాయంటే అవి ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసు పెట్టెల్లో వచ్చినవే అనుకోండి. అవీ అదే జాతి చేప, తినొచ్చు. పులస ధర ఇవ్వడమే తప్పు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు గానీ, పుస్తెలమ్మి విలస తినమనలేదు కదా.

గాలానికి ఆశ పెట్టుకోకండి. నీటిలోని సన్నటి నాచు లాంటి వాటిని వడపోసుకుని తినే చేప అది, ఎర వైపు చూడదు. అది వల చేప.

ప్రశ్న: జెల్లను గాలం నుంచి విడదీస్తుంటే ముల్లు గుచ్చుకుని చెయ్యి వాచింది. రాత్రంతా పోటు. ఏం చెయ్యాలి?
— ఒక డిగ్రీ విద్యార్థి, కొత్తపేట

జవాబు: జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్లుంటాయి. బెదిరితే మూడింటినీ నిటారుగా బిగిస్తుంది, లాగినా వంగవు. చలికి మొద్దుబారిన వేళ్లతో పట్టుకుంటే గుచ్చుకోవడం ఖాయం. ముందు తడి గోనెగుడ్డ వేసి, అరచేతిని పొట్ట కింద నుంచి పోనిచ్చి, పక్క ముళ్ల వెనక బొటనవేలూ చూపుడువేలూ ఆనించి పట్టుకోండి. అలా పడితే ముల్లు మీ వైపు రాదు.

గుచ్చుకుంటే ముక్క లోపల విరిగిందేమో చూసి, శుభ్రంగా కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంట దాకా చెయ్యి ముంచి ఉంచండి. ఆ విషం వేడికి దెబ్బతింటుంది, నొప్పి లాగేస్తుంది. వేడి ఎంతుందో దెబ్బ తగలని చేత్తో చూసుకోండి, నొప్పిలో కాలింది కూడా తెలియదు. టీటీ ఇంజెక్షన్ చేయించుకోండి. ఇంకా వాపు తగ్గకపోతే, ఎర్రబడి పైకి పాకుతుంటే, షుగర్ ఉంటే, ఇది చదవడం ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. పసుపు, సున్నం అంటూ రెండు రోజులు గడపొద్దు.

ప్రశ్న: యానాం వైపు చీరమేను వస్తోంది. దాన్ని ఎరగా పెడితే పండుగప్ప పడుతుందా?
— ఒక పాఠకుడు, తాళ్లరేవు

జవాబు: అయ్యా, తూర్పు గాలి తిరిగాక ఏడాదికి ఒక్కసారి, చీరలతో వడకట్టి పట్టే చేప అది. కొలతల లెక్కన అమ్ముతుంటే జనం ఎగబడి కొంటారు. అగ్గిపుల్లంత కూడా లేని ఆ పిల్లను గాలానికి ఎలా గుచ్చుతారు? గుచ్చినా ఇంట్లో తెలిస్తే మీకు అన్నం పెట్టరు. మినప్పిండిలో కలిపి గారెలు వేయించుకోండి.

కానీ మీ లెక్కలో తప్పు లేదు. చిన్న చేప గుంపు కట్టిన చోటికి పెద్ద చేప వస్తుంది. పోటు తిరిగి పాటు మొదలయ్యే ముందు గంట సేపు, చీరమేను పట్టేవాళ్లకు అడ్డం రాకుండా దిగువన కూర్చుని, బతికున్న రొయ్యను తోక దగ్గర గుచ్చి వదలండి. పడితే నాకు రాయండి, కార్తీకం వెళ్లాక వస్తాను.