తిరుపతిలో అమ్మే ‘ఇంద్రజాలం వేరు’ నిజంగా వేరేనా?

పూజా సామాన్ల అంగట్లో అద్దం కట్టిన ‘ఇంద్రజాలం వేరు’ చూశాం, దిష్టికి మంచిదన్నారు, అసలుదో నకిలీదో ఎట్లా తెలుసుకోవాలి అని అడిగారు. అసలుదైతేనే చిక్కండీ.

అది వేరు కాదు, మొక్కే కాదు. సీ ఫ్యాన్ అంటారు, పగడాల చుట్టం. సముద్రం అడుగున రాతికి అతుక్కుని వేలాది చిన్న జీవులు ఒక్క గుంపుగా బతుకుతాయి, ఒక్కోదానికి 8 మీసాలు. నీటి పారుదలకు అడ్డంగా విసనకర్రలా పరుచుకుని, కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను పట్టి తింటాయి. లోపలి పుల్ల కొమ్ములాంటి ప్రొటీన్. పైన సున్నపు కణికల పొర, ఊదా, పసుపు రంగులు ఎక్కువగా ఆ పొరవే. అది రాలిపోతే నల్లటి జల్లెడ మిగులుతుంది, దాన్నే వేరని నమ్మిస్తారు. ఇంద్రజాలమంటే ఇదే కాబోలు! అదే పేరుతో నల్ల పగడాన్నీ అంటగడుతుంటారు.

గుర్తుపట్టడానికి భూతద్దం చాలు. పై పొర మిగిలి ఉంటే సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తాయి. ఆ పొర పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే బుడగలొస్తాయి. పొర రాలిన పుల్లకూ నల్ల పగడానికీ బుడగలు రావు, కాబట్టి రాలేదని వేరు అనుకోకండి. తునక కాలిస్తే వెంట్రుకలు కాలిన కమురు వాసన. ప్లాస్టిక్‌దైతే కరిగి బొట్లు కారుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో సీ ఫ్యాన్లను 2001లో చేర్చారు. కొన్నా అమ్మినా నేరమే, 3 నుంచి 7 ఏళ్ల జైలు. ‘వలలో పడింది, తూపిలిపాళెం ఒడ్డున దొరికింది’ అన్నా అమ్ముకునే వీలు లేదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే ఇంకొకరికి ఇవ్వకండి, కొరియర్ అసలే వద్దు. అటవీశాఖ ఆఫీసుకు వెళ్లి అప్పగించేయండి.

గోడకు ఆ జాలీ అందమే కావాలంటే రావి ఆకు ఉంది. ముదురాకులు 10 తీసుకుని బకెట్ నీళ్లలో మునిగేలా బరువు పెట్టి 3, 4 వారాలు నానబెట్టండి. నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చకపోతే ఇల్లంతా కంపే. ఆకుపచ్చ గుజ్జు జారుతున్నప్పుడు పళ్లెంలో పరిచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో నడిమి ఈనె నుంచి అంచు వైపుకే తోమాలి. ఎదురు తోమితే జాలీ చిరుగుతుంది. పేపర్ల మధ్య బరువు కింద రెండు రోజులు ఆరనివ్వండి. లేతాకులైతే గుజ్జుతోపాటు ఈనెలూ ఊడి చేతికొస్తాయి.