టెక్ సందేహాలు: పాత ట్విన్ రివర్బ్ స్థానంలో చిన్న యాంప్... 5 వాట్లు కూడా ఎక్కువే!

ప్రశ్న: నా దగ్గర 1960ల చివరి నాటి ఫెండర్ ట్విన్ రివర్బ్ గిటార్ యాంప్ ఉంది. బ్యాండ్‌లో వాయించే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు దాన్ని పక్క గదిలోకి మార్చాలన్నా ఇంకొకరు చెయ్యి వేయాల్సిందే. వాల్యూమ్ 1 మీద ఉంటే వినిపించీ వినిపించనట్టు ఉంటుంది, 2 దాకా వెళ్లేలోపే కిటికీ అద్దాలు అదురుతాయి. నాకు వాయించే తీరిక దొరికేది రాత్రి పది తర్వాతే. క్లీన్ సౌండ్, కాస్త రివర్బ్ (హాల్లో వాయించినట్టు వచ్చే ప్రతిధ్వని), ఎప్పుడైనా సౌండ్‌ను గరగరలాడించే ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్. నాకు కావాల్సింది ఇంతే. నా ట్విన్‌లాగే గాజు ట్యూబులతో పనిచేసే 5 వాట్ల ట్యూబ్ యాంప్ కొనమని ఒక మిత్రుడు, ట్యూబుల సౌండ్‌ను చిప్‌తో అనుకరించే డిజిటల్‌కి మారమని ఇంకొక మిత్రుడు చెబుతున్నారు. డిజిటల్ అంటే బొమ్మ యాంప్ అన్న భావన నన్ను వదలడం లేదు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మొదటి మిత్రుడి సలహా విని నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. 85 వాట్లు ఇంత గోల చేస్తే 5 వాట్లు గుసగుసలాడుతుందిలే అనుకుని ఓ చిన్న ట్యూబ్ యాంప్ తెచ్చుకున్నాను. మొదటి రాత్రే పై అంతస్తు ఆయన లుంగీతో దిగొచ్చి తలుపు కొట్టారు. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నది పొగడ్తగా వాడే మాటే గానీ, ఆ రాత్రి నాకు అలా అనిపించలేదు.

తప్పు నా లెక్కలో ఉంది. వాట్లు సగం చేస్తే శబ్దం సగం కాదు, 3 డెసిబెల్సే తగ్గుతుంది. చెవికి సగం తగ్గినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే వాట్లు పదో వంతుకు రావాలి. 85 నుంచి 5కి దిగితే తగ్గేది 12 డెసిబెల్స్. మోత సగానికి కాస్త దిగువకు వస్తుంది, అంతే.

ఇంకో సంగతి. గిటార్ యాంపుల్లో వాడే 12 అంగుళాల స్పీకర్లు బాగా చురుకైనవి. ఒక్క వాటు ఇస్తే చాలు, మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ దాకా మోగుతాయి. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. ఈ లెక్కన కిందికి దిగుతూ వెళ్తే, వాటులో వెయ్యో వంతు, ఒక్క మిల్లీవాటు దగ్గర కూడా శబ్దం మాటకంటే కాస్త పైనే ఉంటుంది. కాబట్టి రాత్రి పది తర్వాత మీరు వాడుకోగలిగేది మిల్లీవాట్లే. 5 వాట్ల యాంప్ కొన్నా, 1 వాటుది కొన్నా మళ్లీ ఆ 1కీ 2కీ మధ్య వెంట్రుకవాసి తేడా దగ్గరే నాబ్ పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

అందుకే యాంప్ ఎన్ని వాట్లని అడగడం మానేయండి. మాట వినపడేంత తక్కువ శబ్దంలో దాని సౌండ్ ఎలా ఉంటుందని అడగండి. ఇక్కడే పాత ట్యూబ్ యాంపులు వెనకబడతాయి. అది వాటి లోపం కాదు, వాటిని తయారు చేసిందే హాళ్ల కోసం. మన చెవి తీరు కూడా దీనికి తోడవుతుంది. శబ్దం తగ్గేకొద్దీ చెవి ముందుగా బేస్‌ని, దాంతోపాటు బాగా పై స్థాయి ట్రెబుల్‌ని వదిలేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు. రాత్రిపూట మీ ట్విన్ డొల్లగా, రేకు డబ్బాలా వినిపించడానికి సగం కారణం ఇదే. పైగా అంత తక్కువ శబ్దంలో గిటార్ తీగల మీద పిక్ తగిలే టిక్కుటిక్కు కూడా యాంప్‌లోంచి వచ్చే స్వరంతో పోటీ పడుతుంది. గిటార్ నేరుగా వినిపిస్తోందా, స్పీకర్‌లోంచి వస్తోందా అని తికమక పడిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది.

ఒక విషయంలో మాత్రం మీరు అదృష్టవంతులు. యాంప్ బాగా పెంచి, సౌండ్ పగిలి గరగరలాడినప్పుడే బాగుంటుందనే వాళ్లు ఇలా ఉత్తరం రాస్తే నా దగ్గర తేలికైన జవాబు ఉండదు. ట్విన్‌కి పేరొచ్చింది ఎంత పెంచినా పగలని క్లీన్ సౌండ్ వల్ల. నాలుగు 6ఎల్6 రకం పవర్ ట్యూబులు, రెండు 12 అంగుళాల స్పీకర్లు అందుకే. మీకు కావాల్సింది ఆ క్లీన్ సౌండ్, రివర్బ్ మాత్రమే. డిజిటల్ యాంపులు అన్నింటికంటే నమ్మకంగా చేసే పని కూడా అదే. బొమ్మ యాంప్ అన్న మాట పదిహేను, ఇరవై ఏళ్ల కిందట చాలావరకు నిజం. ఇప్పుడు కళ్లు మూసుకుని వింటే క్లీన్ సౌండ్‌లో తేడా పట్టుకోవడం నాకైతే కష్టమే.

నేను మీ స్థానంలో ఉంటే యమహా టీహెచ్ఆర్10-2 తీసుకుంటాను. బరువు సుమారు 3 కిలోలు, పుస్తకాల అరలో పట్టేస్తుంది. దీన్ని తయారు చేసిందే ఇంట్లో, టేబుల్ మీద పెట్టుకుని, తక్కువ శబ్దంలో వాయించుకునే వాళ్ల కోసం. 20 వాట్లని రాసి ఉందని కంగారు పడకండి. అవి వెళ్లేది 8 సెంటీమీటర్ల చిన్న స్పీకర్లలోకి. ట్యూబ్ యాంప్ 20 వాట్లూ, వీటి 20 వాట్లూ ఒకే తూకం కాదు. ఒక లోటు మాత్రం ముందే చెప్పాలి. ట్విన్ ముందు నిలబడి కింది తీగ మీటితే ప్యాంటు కదులుతుందే, అది ఇందులో ఉండదు. అది గాలిని నెట్టే స్పీకర్ సైజును బట్టి వచ్చేది, ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు.

అప్పుడప్పుడు డ్రమ్స్ వాయించే మిత్రుడితో కూర్చునే అలవాటుంటే బాస్ (Boss) కంపెనీ కటానా 50 చూడండి. దాంట్లో 12 అంగుళాల స్పీకర్ ఉంది, పవర్‌ను 50, 25, అర వాటు మధ్య మార్చుకునే ఏర్పాటు ఉంది, హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉంది. బరువు 11, 12 కిలోల మధ్య, కాబట్టి ఒంటిచేత్తో మోయొచ్చు. మనసు ఫెండర్ దగ్గరే ఆగిపోతే 2019లో వాళ్లే టోన్ మాస్టర్ అని డిజిటల్ వరస తెచ్చారు. చూడ్డానికి అచ్చం పాతదే. అందులో డీలక్స్ రివర్బ్ 10 కిలోల పైచిలుకు. వెనక ఉన్న నాబ్‌తో 22 వాట్ల నుంచి 0.2 వాట్ల దాకా దించుకోవచ్చు. కానీ హెడ్‌ఫోన్ జాక్ లేదు. రాత్రి వాయించే మనిషికి అది చిన్న లోటు కాదని నా అభిప్రాయం.

షాపులో వినేటప్పుడు మీ గిటార్ మీరే తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు అలవాటుగా గట్టిగా పెట్టి వినిపిస్తారు. గట్టిగా పెడితే ఏ యాంపైనా బాగానే ఉంటుంది. పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంతకు తగ్గించి, పది నిమిషాలు వాయించి చూడండి. ఓవర్‌డ్రైవ్ పెడల్ కూడా పట్టుకెళ్తే మంచిది. డిజిటల్ యాంప్ ముందు పెడల్ లెవెల్ మరీ ఎక్కువ పెడితే సౌండ్ ముతకగా చిట్లుతుంది. కాస్త తగ్గించి వాడితే సరిపోతుంది.

పాత యాంప్‌నే నోరు నొక్కి వాడొచ్చు కదా అని మీకు ఇంకెవరైనా చెప్పొచ్చు. రెండు పవర్ ట్యూబులు పీకేస్తే సగం పవర్ అవుతుందన్నది బాగా ప్రచారంలో ఉన్న చిట్కా. సగం పవర్ అంటే పైన చెప్పిన ఆ 3 డెసిబెల్సే. దానికోసం అంత రిస్క్ అనవసరం. అటెన్యుయేటర్ అనే పెట్టె ఉంది. యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెడితే పవర్‌ను చాలావరకు తానే మింగేస్తుంది. పనిచేస్తుంది కూడా. అయితే ట్విన్‌కి 4 ఓమ్‌లది కావాలి, కనీసం 100 వాట్లు తట్టుకునేది కావాలి. ఇంతా చేస్తే నడుము బాధ అలాగే ఉంటుంది. మరో మాట: శబ్దం రాకూడదని స్పీకర్ కేబుల్ పీకేసి ట్యూబ్ యాంప్ ఎప్పుడూ ఆన్ చేయకండి. లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకర్ జాక్‌లో హెడ్‌ఫోన్ గుచ్చడం కూడా అంతే ప్రమాదం.

కొత్తది వచ్చేదాకా ఓ చిన్న ఉపాయం. ట్విన్ ముందు వైపు ఒక్కో చానెల్‌కి రెండు జాక్‌లు ఉంటాయి, 1, 2 అని. అందరూ 1లోనే పెడతారు. 2లో పెట్టండి. అక్కడ సిగ్నల్ 6 డెసిబెల్స్ తక్కువ తీసుకుంటుంది, అందువల్ల నాబ్ తిప్పడానికి మీ వేళ్లకు ఇంకాస్త చోటు దొరుకుతుంది. గోల పూర్తిగా తగ్గదు గానీ, వారం పది రోజులు గట్టెక్కుతారు.

ట్విన్‌ను మాత్రం వెంటనే అమ్మేయకండి. మూడు నెలలు చిన్నదానితో గడిపి, అప్పుడు ఆలోచించండి. ఉంచుకునేట్టయితే పాత యాంపులు తెలిసిన టెక్నీషియన్‌కి చూపించి, ఫిల్టర్ కెపాసిటర్లు ఎలా ఉన్నాయో కనుక్కోండి. అవి వయసుతో ఎండిపోతాయి. ప్లగ్గుకి రెండే పిన్నులు ఉంటే ఎర్త్ ఉన్న మూడు పిన్నుల కేబుల్ వేయించండి. వెనక చెక్క విప్పి మీరే చూద్దామనుకోవద్దు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో 400 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. మార్చిన పాత భాగాలు పారేయకుండా ఒక డబ్బాలో వేసి యాంప్‌తోనే ఉంచండి. రేపు కొనేవాళ్లు మొదట అడిగేవి అవే.

ప్రశ్న: చిన్న మోడలింగ్ యాంప్ (రకరకాల యాంపుల సౌండ్‌ను అనుకరించే డిజిటల్ యాంప్) కొన్నాను. బ్లూటూత్ ఉందని చెప్పారు. ఇయర్‌బడ్స్ పెట్టుకుని వాయిద్దామంటే కలవడమే లేదు. ఫోన్‌కి బడ్స్ కలిపి యాప్‌లో వాయిస్తే తీగ మీటిన చాలాసేపటికి వినిపిస్తోంది. యాంప్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ఇలాంటి చాలా యాంపుల్లో బ్లూటూత్ ఉన్నది ఫోన్‌లోంచి పాట యాంప్‌లోకి రావడానికి. పాట పెట్టుకుని దాంతోపాటు మీరు వాయించవచ్చు. యాంప్‌లోంచి సౌండ్ బడ్స్‌కి పంపడానికి కాదు.

పంపగలిగినా ప్రయోజనం ఉండదు. మామూలు బ్లూటూత్ 150 నుంచి 200 మిల్లీసెకండ్ల దాకా ఆలస్యం చేస్తుంది. గాలిలో శబ్దం 150 మిల్లీసెకండ్లలో 50 మీటర్లు వెళ్తుంది. అంటే యాంప్‌ను మైదానం ఆ చివర పెట్టి ఈ చివర నుంచి వాయించినట్టే. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు, ఎందుకంటే ఫోన్ బొమ్మను కూడా అంతే ఆపి చూపిస్తుంది. మీ వేళ్లను ఆపలేదుగా! వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి. చెవి మొత్తం మూసేవి అయితే బేస్ కూడా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: యాంప్ లేకుండా ల్యాప్‌టాప్‌తోనే సరిపెట్టుకోవచ్చా? మైక్ జాక్‌లో గిటార్ పెడితే సన్నగా, ఆలస్యంగా వస్తోంది.

జవాబు: సరిపెట్టుకోవచ్చు, కానీ మైక్ జాక్‌తో కాదు. గిటార్ పికప్‌కి, అంటే తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగానికి, ఆ జాక్ సరిపడదు. సన్నగా వినిపించడానికి కారణం అదే. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. ఆలస్యం తగ్గాలంటే, విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏసియో (ASIO) డ్రైవర్ వేసుకుని, సెట్టింగ్స్‌లో బఫర్ 128 శాంపిల్స్‌కి తెచ్చుకోండి. చిటపటలు వస్తే 256 చేయండి. మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్‌తోపాటే యాంపులు వస్తాయి. విండోస్‌లో న్యూరల్ యాంప్ మోడలర్ ఉచితం, అసలు యాంపుల సౌండ్‌ను బాగా పట్టుకుంటుంది. అయితే ఒళ్లో గిటార్ ఉండగా అప్‌డేట్ల నోటిఫికేషన్లు చూసే ఓపిక మీకుండాలి. నాకు లేదు.

ప్రశ్న: పాత యాంప్ గుయ్‌మంటోందని కొత్తది కొంటే అదీ గుయ్‌మంటోంది. మోసపోయానా?

జవాబు: గిటార్ మీదున్న వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూడండి. గుయ్ ఆగిపోతే యాంప్ తప్పేమీ లేదు, అది గిటార్ వైపు నుంచి వస్తోంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు చుట్టుపక్కల కరెంటు గోలనంతా పట్టేస్తాయి. కుర్చీలోనే మెల్లగా చుట్టూ తిరగండి, ఏదో ఒక దిక్కున గుయ్ బాగా తగ్గుతుంది. ఫోన్ ఛార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్, లైటు డిమ్మర్ ఒక్కొక్కటే ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు. వాల్యూమ్ తగ్గించినా ఆగకపోతే వేరే ప్లగ్‌లో పెట్టి చూడండి. అప్పటికీ అంతే ఉంటే వారంటీ కాగితం బయటికి తీయండి.