మీరేం చదువుతున్నారు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇప్పుడు మీ చేతిలో ఏ పుస్తకం ఉంది, ఎవరికైనా చెప్పాలంటే ఏది చెప్తారు అని పోయిన నెల ఈ పేజీలో అడిగాం. హన్మకొండ, జగిత్యాల, గోదావరిఖని, నర్సంపేట నుంచి వచ్చిన ఉత్తరాల్లో జవాబులకన్నా ఎదురు ప్రశ్నలే ఎక్కువ ఉన్నాయి. మంచిదే. కొన్నింటికి పొడుగ్గా, కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్తున్నాను.

"అందర్నీ అడుగుతున్నారు సరే, ముందు మీరేం చదువుతున్నారో చెప్పండి సార్." (రిటైరైన టీచర్, హన్మకొండ)

క్రీడాభిరామం చదువుతున్నానండి. పాత కావ్యం అనగానే మనకెందుకులే అని పక్కన పెట్టేస్తాం గానీ, ఓరుగల్లు వాళ్లం వదులుకోకూడని పుస్తకం ఇది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది, కాదు శ్రీనాథుడే రాశాడనేవాళ్లూ ఉన్నారు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం దీనికి మూలం. చెప్పుకోదగ్గ కథేం లేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనిపించినదల్లా మాట్లాడుకుంటారు. కోడిపందేలు, ఏకవీర గుడి, పల్నాటి వీరుల కథ పాడే ఆమె, అన్నీ అందులో ఉంటాయి.

నాకు బాగా నచ్చింది పూటకూళ్లింటి పద్యం. లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంట్లో ఒక్క రూకకు (ఆనాటి నాణెం) ఏమేం వడ్డిస్తారో ఆ నాలుగు పాదాల్లో చెప్పేస్తాడు: కప్పురభోగి అన్నం, కమ్మటి గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, ఆఖరికి లప్పలు లప్పలుగా గడ్డపెరుగు. రాజులు, యుద్ధాలు, తోరణాలు మనకు బడిలోనే చెప్పారు, కానీ ఆ కోటలో మామూలు మనిషి మధ్యాహ్నం ఏం తిన్నాడో చెప్పింది మాత్రం ఈ పద్యమే, అందుకే ఖిలా వరంగల్ చూడ్డానికి వచ్చే చుట్టాలకు నేను ముందు ఈ పద్యమే చదివి వినిపిస్తాను.

తాత్పర్యం ఉన్న ప్రతి దొరికితేనే తీసుకోండి, లేకపోతే మొదటి పది పద్యాలకే విసుగొస్తుంది. పచ్చి శృంగారం పద్యాలు కూడా ఉన్నాయి, చిన్నపిల్లల చేతికి ఇచ్చేది కాదు.

"అన్నా, నాది షిఫ్టు డ్యూటీ. ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటే గంట ఎట్ల పోతుందో తెల్వది, పుస్తకం పట్టుకుంటే మాత్రం రెండు పేజీలకే నిద్ర. నాకేమన్నా చెప్పు." (గోదావరిఖని)

తమ్ముడూ, బొగ్గుబాయిలో ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన మనిషికి నిద్ర రావడం తప్పేం కాదు, పుస్తకం ఎంచుకోవడంలోనే ఉంది సంగతి. నవల జోలికి పోకు. కథలు తీసుకో, ఒక కూర్చోవడంలో అయిపోతాయి, అయిపోయిందన్న తృప్తి ఉంటుంది, రేపు మళ్లీ తెరవబుద్ధవుతుంది.

మొదట అల్లం రాజయ్య కథలు చదువు. మంథని వైపు పల్లెలు, బొగ్గుబాయిల మనుషులు, వాళ్ల మాట అందులో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది, నీకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. అవి నచ్చితే ఆయన సాహుతో కలిసి రాసిన కొమురం భీం నవలకు పోవచ్చు, అప్పటికి చదివే అలవాటు పడి ఉంటుంది.

రెండోది వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల'. చిన్న పుస్తకం. ఆళ్వారుస్వామి హోటల్లో సర్వర్ పని చేసినవాడు, ప్రూఫులు దిద్దినవాడు, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తను అచ్చేసిన పుస్తకాలను తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాడు. నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసిన రోజుల్లో పక్కన ఉన్నది ఈయనే, అందుకే దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చాడు. జైలుకొచ్చిన దొంగల్ని, హంతకుల్ని దగ్గర కూర్చోబెట్టుకుని వీళ్లిక్కడిదాకా ఎట్లా వచ్చారని అడిగి తెలుసుకున్న మనిషి రాసిన కథలవి. ఒక్కటి చదివి నిద్రపో, చాలు.

"మా పాప ఏడో తరగతి, ఇంగ్లీష్ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, పుస్తకం ఇస్తే పక్కన పెట్టేస్తుంది. ఏం చేయాలి?" (ఒక తల్లి, జగిత్యాల)

అక్కా, కొన్నాళ్లు పాపను చదవమనకండి, మీరే చదివి వినిపించండి. ఏడో తరగతి పిల్లకు కథ చదివి వినిపించడమేంటి అనుకోవద్దు, వినడానికి ఏ వయసైనా ఒకటే.

'రైలుబడి'తో మొదలుపెట్టండి. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి రాసిన తొత్తోచాన్‌కు తెలుగు ఇది. అల్లరి ఎక్కువని ఒక బడి నుంచి పంపించేసిన పిల్లను వాళ్లమ్మ ఇంకో బడికి తీసుకెళ్తుంది, అక్కడ తరగతి గదులంటే పాత రైలు పెట్టెలు. మొదటి రోజు హెడ్మాస్టరు కొబయాషి ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పు అంటాడు, ఆ పిల్ల గంటల తరబడి మాట్లాడుతూనే ఉంటుంది, ఆయన ఒక్కసారి కూడా విసుక్కోకుండా వింటాడు. ఆ ఒక్క అధ్యాయం చాలు, మీ పాప తర్వాత ఏమైందని అడుగుతుంది. అధ్యాయాలు చిన్నవి, రోజుకొకటి. ఏదో ఒక రోజు మీరు వంటింట్లో పనిలో ఉండగా తనే తీసి చదువుకుంటుంది. చదివేటప్పుడు తప్పులు దిద్దకండి, తప్పు పట్టారంటే తెలుగు పుస్తకం మళ్లీ ముట్టుకోదు.

"గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నా. ఈ టైంలో నవలలు చదవడం టైం వేస్ట్ అని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?" (కరీంనగర్)

పరీక్ష దగ్గర పడితే నవల పక్కన పెట్టాల్సిందే, అది ఒప్పుకుంటాను. ఇంకా నెలలు ఉంటే మాత్రం మీ ఫ్రెండ్స్ మాట వినకండి. వెట్టి, ఆడబాప (దొర ఇంట్లో దాసి), గడీ (దొర కోట) అని నోట్సులో మూడు మాటలు రాసుకుని బట్టీ కొడుతుంటారు కదా, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదివితే గడీలో ఆడబాప బతుకు ఎట్లా గడిచిందో కళ్ల ముందుకొస్తుంది, ఆ తర్వాత ఆ మాట మర్చిపోమన్నా మర్చిపోరు. బయటి ఊరి నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన సంగీతం పంతులు కళ్లతో చూపిస్తాడు కాబట్టి, అదేం తెలియనివాళ్లకు కూడా మెల్లగా అర్థమవుతుంది.

ఇంకొకటి, 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్న సంగతులను స్త్రీశక్తి సంఘటన వాళ్లు సేకరించారు, 1986లో పుస్తకంగా వచ్చింది. చిట్యాల ఐలమ్మ మాటలు కూడా ఉన్నాయి. మార్కుల కోసం కాకపోయినా చదవండి. పోరాటంలో ఎందుకు చేరారో ఎంత ధైర్యంగా చెప్తారో, అది ముగిశాక ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చోవాల్సి రావడం గురించి అంతే బాధగా చెప్తారు. ఆ రెండో భాగం కోచింగ్ మెటీరియల్లో దొరకదు.

"అంపశయ్య చాలా గొప్పదంటే మొదలుపెట్టాను, సగంలో ఆగిపోయాను. పూర్తి చేయాల్సిందేనా?" (నర్సంపేట)

అవసరం లేదు. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, వాడి బుర్రలో తిరిగే ఆలోచనలన్నీ వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి, ఊపిరాడనట్టు అనిపించడం సహజమే. అంపశయ్య రాసిన నవీన్‌దే 'కాలరేఖలు' నవల ప్రయత్నించండి. నిజాం చివరి రోజుల్లో మన వైపు పల్లె ఎట్లా ఉందో సాఫీగా కథలా సాగుతుంది, 2004లో సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. అది నచ్చితే ఎప్పుడో ఒకప్పుడు అంపశయ్యకు మళ్లీ రావచ్చు.

"ప్రశ్న కాదు, సలహా. సామల సదాశివ 'యాది' అందరూ చదవాలి." (మంచిర్యాల)

నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను చెల్లె. ఉర్దూ కవుల సంగతులు, పాత స్నేహాలు, హిందుస్తానీ పాట, అన్నీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టే ఉంటాయి. సంగీతం మీద ఆసక్తి ఉన్నవాళ్లు దాని తర్వాత ఆయన 'స్వరలయలు' చదవండి, 2011లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దానికే. రాగం పేర్లు తెలియకపోయినా ఇబ్బందేం లేదు.

"మీరు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయి, ఎక్కడ దొరుకుతాయి? అన్నీ కొనలేం కదా." (హన్మకొండ, డిగ్రీ విద్యార్థి)

హన్మకొండలో ఉండి ఈ ప్రశ్న అడిగావంటే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వైపు ఇంకా పోలేదన్నమాట. 1904లో పెట్టిన లైబ్రరీ అది, తెలుగు చదువుకోవడమే కష్టంగా ఉన్న నిజాం కాలంలో జనం పూనుకుని నిలబెట్టుకున్నది. ఊళ్లో జిల్లా గ్రంథాలయం కూడా ఉంది, మెంబర్‌షిప్ తీసుకుంటే పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చు. అక్కడ లేని పుస్తకం కావాలంటే ఊరికే తిరిగి రాకుండా లైబ్రేరియన్‌కు పేరు రాసిచ్చి రా, నలుగురు అడిగితే తెప్పించే అవకాశం ఉంటుంది. పాత పుస్తకాల షాపులో ఏదన్నా కొంటే మాత్రం డబ్బులిచ్చే ముందు మధ్యలో పేజీలు ఊడాయేమో, చివరి పేజీ ఉందో లేదో తిప్పి చూసుకో.